జెల్ పెట్టాక స్ప్రే జోలికి వెళ్లకండి

నమస్కారం. "జెల్ పెట్టామండీ, పనిలో పనిగా స్ప్రే కూడా కొట్టాం, అయినా బొద్దింకలు పోలేదు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అయినా పోలేదు కాదండీ, అందుకే పోలేదు!

బొద్దింకల కోసం ట్యూబులో అమ్మే ఈ జెల్ అంటే విందు. అందులో మందు ఉంది, నిజమే. కానీ బొద్దింక లెక్కలో అది భోజనమే. స్ప్రేల్లో ఎక్కువగా ఉండేవి పైరెథ్రాయిడ్లు అనే పురుగుమందులు. అవి పడిన చోట బొద్దింకలు నిలవవు, పక్కకు తప్పుకుంటాయి. విందుకు పిలిచి గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడితే ఎవరొస్తారు చెప్పండి?

[క్లోజప్: కప్‌బోర్డ్ తలుపు బందు]

ఇదిగో, బందు వెనక ఈ నల్లటి సన్న చుక్కలు చూశారా? మురికి కాదు, బొద్దింకల రెట్ట. దాని వాసనకే మిగతావి వచ్చి ఇక్కడ చేరతాయి. కాబట్టి విస్తరి వేయాల్సింది ఇక్కడే. పెసరగింజంత చుక్క చాలు, కానీ ఇలాంటి సందులన్నిట్లో పెట్టాలి. ఒకే మూల ట్యూబంతా పిండితే దండగ. వాటి పిల్లలు గూడు దాటి దూరం రావు.

మరి రాని వాళ్ల సంగతేంటి? వాళ్లకు పార్సిల్ వెళ్తుంది! నాకు బాగా నచ్చే భాగం ఇదే. జెల్ మందు తిన్న వెంటనే చంపదు. తిన్నది సందులోకి వెళ్లాకే చస్తుంది. పిల్లలు దాని రెట్ట తింటాయి, పెద్దవి శవాన్ని కూడా వదలవు. అలా మందు వాటికీ చేరుతుంది. అసహ్యమే, ఒప్పుకుంటాను. కానీ స్ప్రే డబ్బా చేయలేని పని ఇది.

ఇంకో తమాషా. వంటింట్లో తిరిగే చిన్న గోధుమరంగు రకాన్ని జర్మన్ బొద్దింకలంటారు. వాటిలో కొన్ని గ్లూకోజ్ అనే చక్కెరను ముట్టవు. వాటి నాలుకకు, అంటే రుచి తెలిసే నరాలకు, గ్లూకోజ్ చేదుగా తగులుతుందని 2013లో శాస్త్రవేత్తలు చూపించారు. మీరు పెట్టిన చుక్క చెక్కుచెదరకుండా ఉంటే గ్లూకోజ్ లేని వేరే రకం జెల్ తెచ్చుకోండి. విందు మానేయక్కర్లేదు, వంట మారిస్తే సరి.

అలాగే రాత్రి సింక్‌లో ఎంగిలి గిన్నెలు వదిలేస్తే అది పోటీ విందు. మీ జెల్ వైపు ఎవరూ చూడరు. కారే కుళాయి కూడా బాగు చేయించండి. తిండి లేకున్నా వారాల తరబడి బతుకుతాయి కానీ నీళ్లు లేకుండా అంతకాలం ఆగలేవు.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఇప్పటికే స్ప్రే కొట్టి ఉంటే ఆ చోటు సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక జెల్ పెట్టండి. జర్మన్ రకం ఆడది ఒక్కో గుడ్ల సంచిలో 30-40 గుడ్లు మోస్తుంది. కొన్ని వారాలకు బుల్లి బొద్దింకలు కనిపిస్తే జెల్ పనిచేయలేదని కంగారు పడకండి, గుడ్లు పొదిగాయంతే. ఎండిన చుక్కలు గీకేసి కొత్తవి పెట్టండి. పొగ బాంబులు వద్దు, ఆ మందు సందుల లోపలికి సరిగా వెళ్లదు. ఎర్రగా, పెద్దగా ఉన్నవి డ్రైనేజీ నుంచి వచ్చే రకం. వాటికి ముందు జాలీ బిగించండి. జెల్ మాత్రం పసిపిల్లలకు, పెంపుడు జంతువులకు అందని చోటే పెట్టాలి. బోరిక్ పౌడర్ గురించి చాలామంది అడుగుతున్నారు, దానికి ఇంకో వీడియో చేస్తాను.