ఎర్రచందనం కేసుల్లో దొరికేది ఎవరు, దొరకనిది ఎవరు?

"ఎర్రచందనం దుంగలు స్వాధీనం, కూలీల అరెస్టు." ఈ వార్త వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు: నరికేవాళ్లందరినీ లోపలేస్తే స్మగ్లింగ్ ఆగిపోతుందని. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెప్తాను. ఒక్క దుంగని పట్టుకుని దాని వెనకాలే వెళ్దాం రండి.

శేషాచలంలో చెట్టు కూలింది. మొసలి చర్మంలా పలకలు పలకలుగా ఉండే బెరడు తీసేశారు. దాని కింద తెల్ల చెక్క ఉంటుంది, దానికి ధర లేదు. గొడ్డలితో అదంతా చెక్కేస్తే ఎర్రటి చేవ మిగులుతుంది. డబ్బంతా ఆ చేవదే. నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువు. దాన్ని భుజాన వేసుకుని చీకట్లో, రాళ్లలో కొండ దిగాలి.

ఆ భుజం ఎవరిది? చాలాసార్లు తమిళనాడులోని జవ్వాది కొండల నుంచి వచ్చిన పేద గిరిజనుడిది. ఊళ్లో పని ఉండదు, మేస్త్రీ అడ్వాన్స్ చేతిలో పెడతాడు, లారీ ఎక్కిస్తాడు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు వాళ్లే. మరి స్మగ్లింగ్ ఆగిందా? ఆగలేదు. ఆ మేస్త్రీకి ఇంకో ఊరు ఉంది, ఆ ఊళ్లోనూ పని లేదు.

మళ్లీ మన దుంగ దగ్గరికి వద్దాం. రోడ్డెక్కింది. ముందు ఒక పైలట్ కారు, చెక్‌పోస్టులో ఎవరున్నారో చూసి ఫోన్ చేస్తుంది. వెనక బండిలో కూరగాయల కింద దుంగ. రాష్ట్రం దాటి గోడౌన్ చేరింది. అక్కడి నుంచి కంటైనర్‌లోకి. కాగితాల మీద మాత్రం వేరే సరుకు పేరు. పోర్టులో ప్రతి కంటైనరూ విప్పి చూడటం కుదిరే పని కాదు, వాళ్ల ధైర్యం అదే. ఓడ ఎక్కాక చివరికి చేరేది ఎక్కువగా చైనాకే. అక్కడ పాత రాజుల కాలం నాటి పద్ధతిలో చేసే ఫర్నిచర్‌కి దీని మీద మోజు ఎక్కువ. ఈ చెట్టు సహజంగా పెరిగే అడవి ప్రపంచం మొత్తంలో మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే ఉంది. కాబట్టి అక్కడ ఆశ పెరిగితే ఇక్కడి కొండ మీదే గొడ్డలి పడుతుంది.

దుంగ సరిహద్దు దాటిన ప్రతిచోటా ధర పెరిగింది, కేసు మాత్రం బలహీనపడింది. అడవిలో కూలీ దొరుకుతాడు. కంటైనర్ బుక్ చేసినవాడి పేరు బయటికి రావాలంటే రెండు రాష్ట్రాల పోలీసులు, కస్టమ్స్, స్మగ్లింగ్ మీద నిఘా పెట్టే కేంద్ర సంస్థ డీఆర్‌ఐ, అందరూ ఒకే ఫైలు మీద పనిచేయాలి. నా ఉద్దేశంలో అసలు లోపం అక్కడే ఉంది.

టైమ్ అయిపోతోంది, ఏం చేయాలో గబగబా చెప్పేస్తాను. 2016లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. మంచిదే, కానీ శిక్ష పడాల్సింది మేస్త్రీ పైవాళ్లకి. మనీ లాండరింగ్ చట్టం కింద వాళ్ల ఆస్తుల జోలికి వెళ్లాలి. అంతరించిపోయే ప్రమాదం ఉన్న మొక్కలు, జంతువుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న సైటిస్ ఒప్పందం ప్రకారం పర్మిట్ లేని ఎర్రచందనాన్ని దిగుమతి చేసుకునే దేశం కూడా ఆపాలి, ఆ ఒత్తిడి మనం తేవాలి. జవ్వాది కొండల్లో ఏడాది పొడవునా పని ఉండాలి. ఇక సొంత పొలంలో ఎర్రచందనం వేసిన రైతు చట్టబద్ధంగా అమ్ముకునే దారి సులువు కావాలి. రైతుకి కావాల్సిన ఆ పర్మిట్ల సంగతి పెద్దది, దానికి విడిగా వీడియో చేస్తాను.