రంగం చూడాలంటే రేవు నుంచి మొదలుపెట్టండి

అందరికీ నమస్కారం.

మయన్మార్ (బర్మా)లోని యాంగోన్ వెళ్ళినవాళ్ళు ముందుగా ష్వేడగాన్ పగోడా (బౌద్ధ స్తూపం) చూస్తారు. చూడాల్సిందే. కానీ తెలుగువాళ్ళుగా మీరు నది ఒడ్డునుంచి మొదలుపెట్టాలని నా మనవి. మన ముత్తాతలు ఓడ దిగింది అక్కడే. వాళ్ళు ఆ ఊరిని రంగం అనేవారు.

1852లో ఇంగ్లీషువాళ్ళు ఊరిని పట్టుకున్నాక, సూలే పగోడాను మధ్యలో ఉంచి నది వెంబడి గళ్ళు గీసినట్టు వీధులు వేశారు. చాలా వీధులకి ఇప్పటికీ నంబర్లే పేర్లు. ఐరావతి డెల్టాలో పండిన ధాన్యం ఇక్కడి మిల్లుల్లో ఆడించి ఓడలకెక్కించేవారు. ఆ బస్తాలు మొయ్యడానికి కాకినాడ, విశాఖపట్నం లాంటి రేవుల నుంచి మనవాళ్ళు వెళ్ళారు. కోరంగి రేవు పేరుమీద వాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు. కూలీల్ని కుదిర్చే మేస్త్రీ అడ్వాన్సిచ్చి ఓడెక్కించేవాడు, తర్వాత కూలిలో కోసుకునేవాడు. 1931 జనాభా లెక్కల నాటికి ఊళ్ళో సగానికి పైగా భారతీయులే.

ఒక పూట కేటాయించి ఆ నంబర్ల వీధుల్లో నడవండి. 26వ వీధిలో యూదుల ప్రార్థనా మందిరం, 1890లలో కట్టింది. 30వ వీధిలో షియాల మొఘల్ మసీదు. అనవ్రఠా రోడ్డు మీద తమిళులు కట్టుకున్న కాళికమ్మ గుడి. ఇంకొంచెం తూర్పుకెళ్తే 1862 నాటి ఆర్మీనియన్ చర్చి. నడుస్తూ తలెత్తి చూడండి. పై అంతస్తుల బాల్కనీల నుంచి తాళ్ళు వీధిలోకి వేలాడుతుంటాయి, చివర క్లిప్పో సంచో ఉంటుంది. పేపరబ్బాయి పేపరు తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది, ఇంటివాళ్ళు చేదుకుంటారు. లిఫ్టుల్లేని పాత ఇళ్ళు మరి!

చివరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ ప్రవాసంలో కన్నుమూసింది కూడా ఈ ఊళ్ళోనే, 1862లో. ఆయన అసలు సమాధి 1991లో తవ్వకాల్లో బయటపడింది. ఇప్పుడది దర్గా.

ఇన్ని మతాలవాళ్ళు కలిసిమెలిసి బతికారని మాత్రమే చెప్పి వదిలేస్తే అది సగం కథే. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో యాజమాన్యాలు బర్మా కూలీల్ని తెచ్చాయి. సమ్మె తేలాక ఆ బర్మా కూలీల్ని వెళ్ళిపొమ్మన్నారు. పనికోసం వచ్చిన పేదవాళ్ళు రెండువైపులా నిలబడి కొట్టుకున్నారు. చనిపోయినవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాయి. లక్షలమంది కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇండియాకి బయల్దేరారు, ఎందరో దారిలోనే పోయారు. మిగిలినవాళ్ళలో చాలామంది 1960లలో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంప్ తెలుసు కదా, అది వాళ్ళదే.

2021లో సైన్యం అధికారం తీసుకున్నాక పరిస్థితులు మారుతూనే ఉన్నాయి. టికెట్ కొనేముందు మన విదేశాంగ శాఖ సూచనలు తప్పకుండా చూసుకోండి. అక్కడికి చేరాక పాన్‌సోడాన్ రేవులో ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున దలా దాకా వెళ్ళిరండి. నది మధ్యకి వెళ్ళాకే రేవు పొడవెంతో తెలుస్తుంది.

బయల్దేరే ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి: మనలో రంగం వెళ్ళిందెవరు, ఏ మిల్లులో చేశారు, ఎక్కడ ఉన్నారు అని. పాత ఉత్తరమ్మీద వీధి నంబరు ఒక్కటి దొరికినా రాసుకుని తీసుకెళ్ళండి.