మగ కుందేలును జతకు ఎప్పుడు వదలాలి?

[ఉరవకొండ దగ్గర ఒక కుందేళ్ల షెడ్డు. బోనులో తెల్లటి న్యూజిలాండ్ వైట్ జాతి పోతు.]

నమస్తే. ఈ పోతుకు మూడు నెలలు. రెండు కిలోలు తూగుతోంది, ఆడది కనిపిస్తే మీదెక్కుతోంది. జతకు వచ్చేసిందని చాలామంది వదిలేస్తారు. వచ్చింది కోరిక మాత్రమే, బీజం ఇంకా రాలేదు.

[బొమ్మ: వృషణం లోపలి నాళికలు]

కుందేలు చూలు 31 రోజులు. అందులో సగం గడిచేసరికే, అంటే సుమారు 16వ రోజుకు, కడుపులోని పిండంలో వృషణాలు రూపు కట్టడం మొదలవుతుంది. పుట్టినాక మాత్రం వాటి ఎదుగుదల నిదానిస్తుంది. ఒళ్లంతా పెరుగుతున్నా అవి వెనకబడే ఉంటాయి. ఐదో వారం నుంచి వేగం అందుకుంటాయి. 40, 50 రోజుల మధ్య వీర్యకణాల తయారీ మొదలవుతుంది. సుమారు 84 రోజులకు నాళికలు పూర్తిగా పనిలో పడతాయి.

మరి మూడు నెలలకే వీర్యం సిద్ధం కావాలి కదా? కాదు. నాళికలో పుట్టిన కణానికి అప్పటికప్పుడు ఈదడం రాదు. వృషణాన్ని అంటుకుని ఉండే ఎపిడిడిమిస్ అనే పొడవాటి మెలికల గొట్టం గుండా రోజుల తరబడి ప్రయాణించి, అక్కడే పదును తేలుతుంది. అందుకే వీర్యంలో తొలి కణాలు కనబడేది దాదాపు 110 రోజులకు. మీదెక్కే చేష్టలు మాత్రం 60, 70 రోజులకే మొదలవుతాయి. మనం మోసపోయేది ఇక్కడే.

[దగ్గరి దృశ్యం: ఒడిలో వెల్లకిలా పట్టుకున్న పోతు]

ఇటు చూడండి. అంగానికి ముందువైపు, అటొకటి ఇటొకటి, వెంట్రుకలు లేని సన్నటి సంచులు. 10, 12 వారాలకు వృషణాలు వీటిలోకి దిగుతాయి. "ఏమన్నా, మొన్న ఉన్నాయి, ఈపొద్దు యాడికి పాయె?" అని అడుగుతుంటారు. కుందేలులో గజ్జల దారి జీవితాంతం తెరిచే ఉంటుంది. బెదిరినా, చలేసినా పైకి లాగేసుకుంటుంది. కాసేపు నిమ్మళంగా ఉండనిచ్చి మళ్లీ చూడండి. నాలుగు నెలలు దాటినా ఒక్కటే దిగివుంటే మాత్రం దాన్ని విత్తనానికి ఉంచుకోవద్దు.

మూడు నెలలకల్లా ఒక్కో పోతుకు ఒక్కో బోను ఇవ్వండి. కలిపి ఉంచితే కొట్లాడతాయి, ఆ సంచులనే కొరుక్కుంటాయి. అలాంటి గాయంతో మంచి పోతు పనికిరాకుండా పోవడం నిజంగా బాధ.

[రేకుల షెడ్డు, మిట్టమధ్యాహ్నం]

మన అనంతపురం, కర్నూలు, కడప వాళ్లకు అసలు కష్టం ఎండ. వృషణాలు ఒంటికన్నా చల్లగా ఉండాలి. షెడ్డులో వేడి 30 డిగ్రీలు దాటితే వీర్యం దెబ్బతినే ప్రమాదముంది. ఇక్కడ 40 దాటుతుంది. ఒక వీర్యకణం తయారవడానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది, కాబట్టి రోహిణి కార్తె దెబ్బ ఆషాఢంలోనూ కనిపిస్తుంది. వానలు పడి చల్లబడ్డాక కూడా చూలు నిలవకపోతే ఆడదాన్ని తప్పుపట్టకండి. రేకుల మీద చొప్ప పరచండి, పక్కలకు తడి గోనె పట్టలు కట్టండి, జత తెల్లవారుజామునే కట్టించండి.

తొలి జతకు 135, 140 రోజులు, అంటే నాలుగున్నర నెలలు ఆగండి. మొదట్లో వారానికి ఒకటి రెండు సార్లు చాలు. చల్లటి దేశాల లెక్క ప్రకారం వీర్యం ఉత్పత్తి నిండు స్థాయికి చేరేది 32 వారాలకు. బరువు చూసి వయసు అంచనా వేయకండి. పిల్ల పుట్టిన తేదీని బోను తలుపు మీద సుద్దముక్కతో రాసిపెట్టుకోండి.