టక్కరి హార్లెక్విన్‌కు ఎదురుగా వయొలిన్

అందరికీ నమస్కారం. మూకాభినయం చేసేవాళ్లు, సంగీతం వాయించేవాళ్లు ఈ రోజు ఒకే హాల్లో ఉన్నారు. అందుకే మీ ఇద్దరికీ చెందిన ఒక పాత్ర గురించి చెబుతాను. హార్లెక్విన్.

ఇటలీ కొమెడియా దెల్లార్తె, అంటే మాస్కులు వేసుకుని అప్పటికప్పుడు మాటలు కల్పించి ఆడే హాస్య నాటకాల్లో ఇతనో నౌకరు. అతుకుల బట్టలు, ముఖం పైభాగాన్ని కప్పే నల్ల మాస్క్, తీరని ఆకలి, బుర్రలో ఎప్పుడూ ఏదో ఒక ఎత్తు. అక్కడ గలగలా మాట్లాడేవాడు. 18వ శతాబ్దంలో లండన్‌లో జాన్ రిచ్ అనే నటుడు ఇతన్ని మాటల్లేకుండా ఆడి పేరు తెచ్చుకున్నాడు. మాట వదిలిన జాగా సంగీతానికి దొరికింది.

1783లో వియన్నాలో, కార్నివాల్ పండగ రోజుల్లో సంగీతకర్త మొజార్ట్ ఒక మూకాభినయం తయారుచేశాడు. కథ, సంగీతం తనవే. హార్లెక్విన్ వేషం కూడా తనే వేశాడు! హార్లెక్విన్ ప్రేయసి కొలంబైన్‌గా భార్య అక్క, అమాయక నౌకరు పియరోగా ఆవిడ భర్త వేశారు. నృత్యోత్సవంలో డాన్సులు ఆగిన అరగంటలో ఆడారు. ఇప్పుడు మిగిలింది మొదటి వయొలిన్ భాగం మాత్రమే, అదీ అసంపూర్ణంగా. కానీ స్వరాల పక్కనే రంగస్థలం మీద ఏం జరుగుతోందో రాసి ఉంది. ఆ కాగితమంటే నాకు ప్రాణం. అభినయం, సంగీతం అక్కడ ఒకే చేతిలోంచి వచ్చాయి.

ఈ పాత్రను రికార్డు పెట్టుకుని ఆడకూడదని నా గట్టి నమ్మకం. టక్కరికి బోల్తా కొట్టించడానికి ఎదురుగా మనిషి కావాలి. అతను కాలెత్తి, దించకుండా ఆగితే, వయొలిన్ వాయించే ఆవిడ కూడా విల్లు ఎత్తి ఆగాలి. జనం నవ్వితే ఇంకాస్త ఆగాలి. ఆ ఆగడం ప్రతి ప్రదర్శనలోనూ మారుతుంది. రికార్డు ఆగదు.

అతని చేతిలో కర్ర చూశారా? రెండు పల్చటి చెక్కలు ఒకదానికొకటి తగిలి, మెల్లగా కొట్టినా ఫట్‌మంటుంది. అంటే అతనూ వాద్యకారుడే. దెబ్బ సరిగ్గా తాళం మీద పడితే పద్ధతిగా ఉంటుంది, ఒక్క పిసరు ముందు పడితే నవ్వొస్తుంది.

వాయించేవాళ్లూ, నటుడి ప్రతి అడుగుకూ ఒక స్వరం వేస్తూ వెంటపడకండి. చూసిందే మళ్లీ వినిపించినట్టవుతుంది. అతను పిల్లిలా నడుస్తుంటే మీరు తీరిగ్గా మెన్యుయెట్, అంటే దొరల ఇళ్లలో ఆడే హుందా నాట్యపు సంగీతం, వాయించండి. పక్క గదిలో యజమాని ఏమీ తెలియకుండా హాయిగా ఉన్నాడని జనానికి అర్థమవుతుంది. టెన్షన్ అక్కడ పుడుతుంది.

వయొలిన్లు తెచ్చినవాళ్లు నటుడి కాళ్లు కనిపించేలా ఈ పక్కకు వచ్చి కూర్చోండి. ముందు ఆ నడకే చేసి చూద్దాం.