అమెడ్ రివ్యూ: బాలి తూర్పు తీరంలో ఉండొచ్చా, డబ్బు పెట్టొచ్చా?

అందరికీ నమస్తే. బాలి అనగానే మన యూట్యూబ్‌లో వచ్చేవన్నీ కుటా, సెమిన్యాక్, ఉబుద్. ఈ వీడియో వాటి గురించి కాదు. ద్వీపానికి తూర్పు అంచున, కరంగాసెం జిల్లాలో, అగుంగ్ అగ్నిపర్వతం నీడలో అమెడ్ అనే ఊరుంది. "అక్కడ విల్లా కడితే అద్దెలు బాగా వస్తాయట కదా" అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి చూడ్డం, ఉండడం, డబ్బు పెట్టడం మూడూ చెప్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా. చూడ్డానికి వెళ్లండి, నచ్చితే కొన్ని నెలలు అద్దెకుండండి. భూమి మాటకొస్తే మాత్రం ఈ వీడియో పూర్తిగా చూడకుండా ఎవరికీ బయానా ఇవ్వకండి.

ముందు చేరుకోవడం. బెంగళూరు నుంచి బాలి ఎయిర్‌పోర్టు ఉన్న డెన్‌పసార్‌కి నేరుగా విమానం ఉంది. హైదరాబాద్, విశాఖ వాళ్లు సింగపూర్ మీదుగా వెళ్లొచ్చు. వీసా ఎయిర్‌పోర్టులోనే ఇస్తారు. 5 లక్షల రుపియా, అంటే మన డబ్బులో రెండున్నర వేల పైచిలుకు. 30 రోజులుండొచ్చు, ఇంకో 30 రోజులు ఒక్కసారి పొడిగించుకోవచ్చు. బాలి ప్రభుత్వం 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ పర్యాటకుల దగ్గర విడిగా లక్షన్నర రుపియా తీసుకుంటోంది. గడువు దాటి ఉంటే రోజుకి 10 లక్షల రుపియా జరిమానా. ఎయిర్‌పోర్టు నుంచి అమెడ్‌కి కారులో రెండున్నర, మూడు గంటలు పడుతుంది. ఆ దూరమే ఈ ఊరిని ఇన్నాళ్లూ కాపాడింది.

అమెడ్ అంటే ఒక్క ఊరు కాదు. జెమెలుక్, బునుతన్, లిపా, సెలాంగ్, బన్యునింగ్... కొండకీ సముద్రానికీ మధ్య ఒకే రోడ్డు మీద వరసగా ఉన్న చిన్న చిన్న పల్లెలన్నిటికీ కలిపి ఇప్పుడు ఆ పేరు వాడుతున్నారు. తెల్లటి ఇసుక కోసం వచ్చేవాళ్లకి ఇది నచ్చదు. ఇక్కడిది అగ్నిపర్వతం నుంచి వచ్చిన నల్ల ఇసుక, గులకరాళ్లు. మధ్యాహ్నం చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. కానీ జెమెలుక్‌లో నడుముల్లోతు నీళ్లలోకి దిగి ముఖం ముంచితే చాలు, పగడాలు కనిపిస్తాయి. పడవ అక్కర్లేదు. దగ్గర్లోని తులాంబెన్‌లో లిబర్టీ అనే అమెరికన్ సరుకుల ఓడ మునిగి ఉంది. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి దాన్ని టార్పెడోతో కొడితే ఒడ్డుకి లాక్కొచ్చారు. ఇరవయ్యేళ్లు అక్కడే ఉంది. 1963లో అగుంగ్ పేలినప్పుడు నీళ్లలోకి జారింది. 120 మీటర్ల పొడవున్న ఓడ ఇప్పుడు ఒడ్డుకి అతి దగ్గర్లో, డైవింగ్ కొత్తగా నేర్చుకున్నవాళ్లకి కూడా అందే లోతులో ఉంది. ఈ ఒక్కదానికే ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు.

నాకు మాత్రం అమెడ్‌లో అన్నిటికన్నా విలువైనవి ఉప్పు మళ్లు. చినగంజాం, నౌపాడ వైపు మడులు చూసినవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. ఇక్కడ సముద్రపు నీటిని నేరుగా ఎండబెట్టరు. కావడితో నీళ్లు మోసుకొచ్చి చదును చేసిన మట్టి మీద చల్లుతారు. ఎండాక మళ్లీ చల్లుతారు. ఉప్పు పట్టిన ఆ మట్టిని గీకి, వెదురుతో చేసిన శంఖాకారపు గంపలో వేసి కాళ్లతో తొక్కుతారు. దాని మీద సముద్రపు నీళ్లు పోస్తే అడుగు నుంచి చిక్కటి ఉప్పునీరు బొట్టు బొట్టుగా కారుతుంది. కొబ్బరి మొద్దుని నిలువుగా చీల్చి తొట్టిలా తొలిచి ఉంచుతారు, ఆ నీళ్లు అందులో పోస్తారు. కొన్ని రోజుల ఎండకి అంచుల నుంచి గింజ కడుతుంది. చేత్తో తీసి నాలుక మీద వేసుకుంటే చేదు తగలదు. ఈ ఉప్పుకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కానీ ఒకప్పుడు ఈ తొట్లు వరసలు తీరి ఉన్న ఒడ్డున ఇప్పుడు హోటళ్లున్నాయి. వెళ్తే నేరుగా ఉప్పు చేసేవాళ్ల దగ్గరే కొనండి, బేరం ఆడకండి.

ఇక ఉండడం. నెల అద్దెకి ఇళ్లు దొరుకుతాయి, కుటా, సెమిన్యాక్‌లతో పోలిస్తే చవక. తిండికి ఇబ్బంది లేదు, రెండు పూటలా అన్నమే. శాకాహారులు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. టోఫు, టెంపే (పులియబెట్టిన సోయా ముక్కలు), కూరగాయలు ఎక్కడైనా ఉంటాయి కానీ, పక్కన పెట్టే సంబల్‌లో, అంటే మిరపకాయ పచ్చడిలో, తెరాసి కలుస్తుంది. అంటే రొయ్యల ముద్ద. "తన్‌పా తెరాసి", అంటే తెరాసి లేకుండా, అని ముందే చెప్పండి. చిన్న క్లినిక్‌లు దగ్గర్లో ఉన్నాయి, పెద్దాసుపత్రి కావాలంటే అమ్లాపుర వెళ్లాలి. డైవింగ్‌లో తేడా వచ్చి ప్రెషర్ ఛాంబర్ (ఎక్కువ గాలి ఒత్తిడిలో ఉంచి వైద్యం చేసే గది) అవసరమైతే డెన్‌పసార్ దాకా పరుగెత్తాలి. అందుకే డైవింగ్‌కి వర్తించే ఇన్సూరెన్స్ లేకుండా నీళ్లలోకి దిగొద్దు.

ఇల్లు చూసేటప్పుడు మొదటి ప్రశ్న నీళ్లే. బాలి అంతా పచ్చగా ఉంటుందనుకుంటాం, ఈ తూర్పు వైపు ఎండు ప్రాంతం. బావి నీళ్లు ఉప్పగా ఉన్నాయా, ఎండాకాలంలో ట్యాంకర్ తెప్పించుకుంటున్నారా అని పక్కింటివాళ్లని అడగండి. కుళాయి తిప్పి నోట్లో పోసుకుని చూడండి. మార్చి ప్రాంతంలో న్యెపి, అంటే బాలి వాళ్లు మౌనంగా జరుపుకునే కొత్త సంవత్సరం, వస్తుంది. ఆ రోజు ఎవరూ బయటికి రారు, దీపం వెలగదు, మొబైల్ డేటా ఉండదు, ఎయిర్‌పోర్టు కూడా మూసేస్తారు. టూరిస్టుకైనా అదే నియమం. ఎక్కువ కాలం ఉంటే ఊరి బంజార్‌ని, అంటే ఊరి కట్టుబాట్లు చూసే సంఘాన్ని, వెళ్లి కలవండి. వాళ్లు అడిగే చందా మనస్ఫూర్తిగా ఇవ్వండి.

ఇప్పుడు అసలు విషయం, భూమి. ఇండోనేషియాలో పూర్తి హక్కుని హక్ మిలిక్ అంటారు. 1960 నాటి భూ చట్టం ప్రకారం అది ఆ దేశ పౌరులకి మాత్రమే. "మా వాళ్ల పేరు మీద కొందాం, లోపల అగ్రిమెంట్ రాసుకుందాం" అంటారు చూడండి, అది పక్కా బినామీ. గొడవ వస్తే ఆ కాగితం చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోవచ్చు. ఎంత మంచివాళ్లు చెప్పినా వద్దు.

విదేశీయులు మామూలుగా పట్టే దారి లీజు. మామూలుగా 25, 30 ఏళ్లకి రాస్తారు, డబ్బు మొత్తం ముందే కట్టాలి. ధర "ఆరెకి ఏడాదికి ఇంత" అని చెప్తారు. ఆరె అంటే 100 చదరపు మీటర్లు, మన లెక్కలో 120 గజాలకి కాస్త తక్కువ, దాదాపు రెండున్నర సెంట్లు. ఇక్కడే మనవాళ్లు పొరపడతారు. మనూళ్లో స్థలం కొంటే ఏటా విలువ పెరుగుతుందని నమ్మకం. లీజులో మీ చేతిలో ఉన్న సంవత్సరాలు ఏటా తరిగిపోతాయి. 25 ఏళ్ల లీజైతే పదేళ్ల తర్వాత మీరు అమ్మేది పదిహేనేళ్ల హక్కునే. పొడిగింపు దగ్గర "అప్పటి మార్కెట్ ధరకి" అని రాసి ఉంటే ఆ ధర ఎవరు తేలుస్తారో కూడా రాయించండి. లేకపోతే విల్లా కట్టింది మీరే అయినా బేరం భూమి యజమాని చేతిలో ఉంటుంది.

అద్దెకిచ్చే వ్యాపారమంటే ఇంకో మెట్టు. టూరిస్టు వీసా మీద సంపాదిస్తే దేశం నుంచి పంపించేస్తారు. విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టాలి, దానికి పెట్టుబడి 1000 కోట్ల రుపియా దాటాలి. మన డబ్బులో 5 కోట్ల పైమాటే. "ముప్పై లక్షలతో విల్లా బిజినెస్" అని ఎవరైనా చెప్తే, లైసెన్స్ ఎవరి పేరు మీద అని ఒక్క ప్రశ్న వేయండి.

సముద్రం కనిపించే స్థలం అంటే మరీ జాగ్రత్త. అలల గరిష్ట హద్దు నుంచి 100 మీటర్ల దాకా తీర రక్షణ పట్టీ కింద లెక్క. 2025 జులైలో ఇదే బాలి దక్షిణాన బింగిన్ బీచ్‌లో 48 కట్టడాలు కూల్చడం మొదలుపెట్టారు. వాటిలో ఏళ్ల తరబడి నడిచిన హోటళ్లున్నాయి. అమెడ్‌లో కొండకీ నీళ్లకీ మధ్య ఉన్నదే సన్నటి పట్టీ. ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చూపే జోనింగ్ మ్యాప్ మీ సొంత నోటరీతో తెప్పించండి, అమ్మేవాళ్లు చూపించే ఫోటో కాదు.

మన వైపు నుంచి కూడా లెక్క ఉంది. ఇండియాలో ఉండేవాళ్లు ఎల్ఆర్ఎస్ కింద, అంటే విదేశాలకి డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం కింద, ఒక్కొక్కరు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లే పంపగలరు. ఆ ఆస్తిని ఏటా ఐటీ రిటర్న్‌లో విదేశీ ఆస్తుల కింద చూపించాలి.

ఇవన్నీ విన్నాక కూడా మనసు అక్కడే ఉంటే, డబ్బు పట్టుకుని జులైలో వెళ్లకండి. జులై అక్కడ వానలు లేని కాలం, ఎవరికైనా నచ్చుతుంది. వానలు పడే జనవరి, ఫిబ్రవరిలో వెళ్లి అదే పల్లెలో అద్దెకుండండి. కొండ మీది వాన ఏ వాగులో దిగుతుందో, రోడ్డు ఎక్కడ తెగుతుందో, మీరు చూసిన స్థలం ముందు ఎంత నీళ్లు నిలుస్తాయో ఆ రెండు నెలల్లో కనిపిస్తుంది. మీరు చూస్తున్న స్థలం కాగితాల్లో అర్థం కానిది ఉంటే పేర్లు, నంబర్లు తీసేసి కామెంట్లో ప్రశ్న రాయండి, తెలిసినంతవరకు జవాబిస్తాను.