ఇంకో డాక్టరుకు చూపించుకుంటానని చెప్పండి

సభకు నమస్కారం.

ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్త్రీల వైద్యురాలిగా పనిచేసి రిటైరైన నన్ను, డాక్టరు చెప్పిన మాట మనసుకు ఎక్కనప్పుడు ఏం చేయాలో చెప్పమని నిర్వాహకులు పిలిచారు. ఈ సంగతి ఒక డాక్టరునే పిలిచి అడగడం నాకు సంతోషం కలిగించింది. అన్ని జబ్బుల గురించీ మాట్లాడబోతే ఏదీ తేలదు కనుక, నా చేతుల మీదుగా నడిచిన పని గురించే, అంటే గర్భసంచి ఆపరేషన్ గురించే ప్రధానంగా మాట్లాడతాను. మన రెండు రాష్ట్రాల్లో ఇంకో డాక్టరు మాట వినవలసిన అవసరం మరెక్కడా ఇంతగా లేదని నా నమ్మకం.

కొన్నేళ్ళ కిందట, ఓపీ ముగిసే వేళకు ఒకామె వచ్చింది. ముప్ఫై రెండేళ్ళు, ఇద్దరు పిల్లలు, మిరప కోతలకు వెళ్ళే మనిషి. కాగితాలన్నీ బట్టల షాపు కవర్లో చుట్టి తెచ్చింది. గోళ్ళ చుట్టూ మిరపకాయల ఎరుపు ఇంకా పోలేదు. స్కానింగ్ రిపోర్టులో గర్భసంచి కొంచెం పెద్దదిగా ఉందన్న ఒక్క వాక్యం కింద ఎవరో నీలిరంగు పెన్నుతో రెండు గీతలు గీశారు. వచ్చే సోమవారం ఆపరేషన్ అని చీటీ రాసి ఉంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు కూడా మాట్లాడుకున్నారు. ‘సంచికి పుండు పడిందంట డాక్టరమ్మా, తీయించుకోకపోతే క్యాన్సరవుద్దంట’ అంది. పక్కనున్న అత్తగారు, ‘పిల్లలు పుట్టేశారు గదా, ఇంక ఆ సంచితో పనేముంది’ అంది.

నెలసరి ఎప్పటినుంచి ఎక్కువైంది, ఒంట్లో ఇంకేమేం మార్పులొచ్చాయి అని అడుగుతూ పోతే, ఏడాదిగా బరువు పెరుగుతోందనీ, జుట్టు ఊడుతోందనీ, అందరికీ ఉక్కపోసే రోజుల్లో కూడా తనకు చలిగా ఉంటోందనీ చెప్పింది. కవర్లోని కాగితాలన్నీ తిరగేశాను. థైరాయిడ్ పరీక్ష ఎక్కడా లేదు. చేయిస్తే ఆ గ్రంథి బాగా మందగించిందని తేలింది. థైరాయిడ్ మందగిస్తే నెలసరిలో రక్తస్రావం పెరగవచ్చునన్నది వైద్య విద్యార్థులకు కూడా తెలిసిన విషయం. ఇక ఆమెను భయపెట్టిన పుండు అసలు పుండే కాదు. గర్భసంచి ముఖద్వారం లోపలి పొర కాస్త బయటికి కనబడటమే అది, పిల్లల్ని కనే వయసులో చాలామందికి ఉంటుంది. అయినా అనుమానం మిగలకూడదని అక్కడి కణాలు తీసి పరీక్షకు పంపాం, మామూలుగానే ఉన్నాయి. రోజుకో థైరాయిడ్ మాత్ర, రక్తం పట్టడానికి ఐరన్ మాత్రలు రాశాను. నాలుగైదు నెలలకు నెలసరి దారిలో పడింది.

ఇది ఒక్క మనిషి కథ అయితే నేనింత దూరం వచ్చి చెప్పేదాన్ని కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలను అడిగినప్పుడు, దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి కాస్త పైగా గర్భసంచి తీయించుకున్నట్టు చెప్పగా, ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్క నూటికి తొమ్మిదికి దగ్గరగా, తెలంగాణలో ఎనిమిదికి పైగా వచ్చింది. దేశంలో మనదే పై వరుస. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే. మన ఆడవాళ్ళ గర్భసంచులకు మాత్రమే ఏదో ప్రత్యేకమైన జబ్బు వచ్చిందని నేను నమ్మలేను. కడుపుతో ఉన్నప్పుడు తప్ప మిగతా రోజుల్లో ఆడమనిషి ఒంటిని పట్టించుకోని ఇళ్ళు, ఊళ్ళో ఆర్ఎంపీ చూపించిన నర్సింగ్‌హోమే దిక్కైన పరిస్థితి, ‘తీసేస్తే పీడా పోతుంది’ అన్న మాట అమ్మ నోటి నుంచి కూతురి చెవికి చేరడం, ఇవన్నీ కలిసి తెచ్చిపెట్టిన లెక్క అది.

తీసేస్తే పీడా పోదు. చాలాచోట్ల సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తారు, ఆ సంగతి చాలామందికి చెప్పరు కూడా. ముప్ఫై అయిదేళ్ళకే అండాశయాలు పోతే ఆ మనిషికి ఆ నెల నుంచే ముట్లు ఉడిగిన వయసు మొదలైనట్టు. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం, అన్నీ పదేళ్ళకు పైగా ముందుగా వస్తాయి. అండాశయాలను ఉంచినా కొందరికి ముట్లు ముందే ఉడుగుతాయి. నలభై అయినా నిండకుండానే మోకాళ్ళు పట్టుకుని బస్సు మెట్లెక్కే కూలి ఆడవాళ్ళను చూసినప్పుడల్లా, ఆపరేషన్ ఎప్పుడైందమ్మా అని అడగాలనిపిస్తుంది.

సంచి తీయవలసిన అవసరం ఎప్పుడూ ఉండదని నేను అనడం లేదు. సంచి బాగా కిందికి జారినప్పుడు, క్యాన్సర్ ఉన్నప్పుడు, మందులకు లొంగని రక్తస్రావంతో మనిషి నీరసించిపోతున్నప్పుడు ఆ ఆపరేషన్ ప్రాణదానమే. నేనూ వందలు చేశాను. కానీ తెల్లబట్టకు ఎక్కువగా మందులు చాలు. సంచిలో పెరిగే ఫైబ్రాయిడ్లనే చిన్న గడ్డలను, ఇబ్బంది పెట్టకపోతే, అప్పుడప్పుడు స్కానింగ్ చేసి కనిపెట్టుకుని ఉంటే చాలు. అవి క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు, ముట్లు ఉడిగాక ఎక్కువ భాగం చిన్నవైపోతాయి. రక్తస్రావం ఎక్కువైతే మాత్రలున్నాయి, సంచిలో పెట్టే హార్మోను లూప్ ఉంది, సంచిని ఉంచి గడ్డను మాత్రమే తీసే పద్ధతి ఉంది. ఈ మాటలేవీ ఎత్తకుండా నేరుగా ఆపరేషన్ తేదీ చెప్పారంటే, ఆగి ఇంకొకరిని అడగవలసిన సమయం వచ్చిందన్న మాట.

అడగడానికి మీకు హక్కుందా అన్న అనుమానం కొందరి కళ్ళలో నాకు కనిపిస్తోంది. ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో, తనకు నచ్చిన మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కని స్పష్టంగా రాసి ఉంది. అందుకు కావలసిన రికార్డులను ఆసుపత్రి అదనపు ఖర్చు లేకుండా, ఆలస్యం చేయకుండా ఇవ్వాలనీ అందులోనే ఉంది. దాన్ని అమలు చేయమని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకు రాసింది. అంతకు ముందే, 2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం, రోగి గానీ రోగి తరఫున అధికారం ఉన్నవారు గానీ అడిగిన 72 గంటల్లోగా డాక్టరు రికార్డులు ఇచ్చి తీరాలి. ఫైలు మీది కాదు, ఆసుపత్రిది అని కౌంటరు దగ్గర ఎవరైనా అంటే, నకళ్ళు ఇప్పించమని కాగితం మీద రాసి, తేదీ వేసి ఇవ్వండి. రాతపూర్వకంగా అడిగితే జవాబు తీరు మారుతుంది.

న్యాయస్థానం మాట కూడా ఒకటి చెప్పాలి. కడుపు లోపల ఏముందో చూడటానికి మాత్రమే ఒప్పుకుని మత్తు తీసుకున్న ఒక స్త్రీకి, ఆమె మత్తులో ఉండగానే తల్లి చేత ఒప్పించుకుని గర్భసంచీ, అండాశయాలూ తీసేసిన కేసులో, 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పరీక్షకు ఒప్పుకోవడం ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదనీ, ప్రాణం మీదికి రాని స్థితిలో, తెలివి ఉన్న పెద్ద మనిషి బదులు ఆమె తల్లి ఒప్పుకుంటే చెల్లదనీ ఆ తీర్పు చెబుతోంది. తల్లి సంతకమే చెల్లనప్పుడు భర్తదో అత్తగారిదో మాత్రం ఎలా చెల్లుతుంది? అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల గురించి 2022లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది; వాటిని మూడు నెలల్లో అమలులో పెట్టాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. చట్టం మీ పక్షాన ఉంది. కానీ చట్టం మీతో పాటు డాక్టరు గదిలోకి రాదు, అక్కడ మాట్లాడవలసింది మీరే.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచిన దానికి వస్తాను. డాక్టరుతో ఏకీభవించకపోవడం ప్రమాదం కాదు, ఏకీభవించలేదని చెప్పకుండా ఉండటమే ప్రమాదం. ముట్లు ఉడిగి నాలుగేళ్ళయ్యాక మళ్ళీ ఎర్రబట్ట కనబడిందని యాభై మూడేళ్ళ ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. ముక్క తీసి పరీక్షకు పంపితే గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ తొలిదశలో ఉందని వచ్చింది. ఆపరేషన్ చేయాలని చెప్పాను. ఆమె తలూపింది, ‘అట్లాగేనమ్మా, మీరెట్లా అంటే అట్లా’ అంది, మంచి రోజు చూసుకుని వస్తానని వెళ్ళింది. ఎనిమిది నెలలు రాలేదు. నా మాట ఆమెకు నమ్మకం కలిగించలేదు, ఆ మాట నా ముఖం మీద అనడానికి మర్యాద అడ్డొచ్చింది, ఇంకో డాక్టరు దగ్గరికి వెళితే నాకు తెలిసి కోపం వస్తుందని భయపడింది, ఈలోగా ఎవరో ఇచ్చిన పసరు తాగుతూ కూర్చుంది. తిరిగి వచ్చేసరికి జబ్బు సంచి దాటిపోయింది. ఆ రోజు ఆమె, ‘ఇంకొకరికి చూపించుకుంటానమ్మా’ అని ఒక్క ముక్క అని ఉంటే, స్లైడ్లు నేనే ఇప్పించి క్యాన్సర్ ఆసుపత్రికి పంపేదాన్ని, వాళ్ళూ నా మాటే చెప్పేవారు, ఆమె నమ్మేది. ఆమె తలూపినప్పుడు, మనసులో ఏముందమ్మా అని నేను అడగలేదు. ఆ తప్పు నాది, ఇప్పటికీ అది నన్ను వదల్లేదు.

కనుక డాక్టరు ముందే చెప్పండి. ఎలా చెప్పాలో కూడా చెబుతాను, ఎందుకంటే మాట దొరక్కనే చాలామంది ఊరుకుంటారు. ‘మేడమ్, మీరు చెప్పింది విన్నాను. పెద్ద ఆపరేషన్ కదా, ఇంకో డాక్టరుకు కూడా చూపించుకుని నిర్ణయించుకుంటాను. ఎన్ని రోజులు ఆగవచ్చో చెప్పండి, కాగితాలు ఇప్పించండి.’ ఇందులో అమర్యాద ఎక్కడుంది? ఎన్ని రోజులు ఆగవచ్చు అన్న ప్రశ్నకు వచ్చే జవాబు చాలా విలువైనది. వారం ఆగినా ఫరవాలేదని డాక్టరు అంటే, ఆ వారం మీది. ఈ రాత్రే చేయాలంటే కారణం అడగండి. గుండెపోటు, పక్షవాతం, కాన్పులో రక్తం పోవడం, అపెండిక్స్ పగలడం వంటి వాటిలో ఇంకో డాక్టరు కోసం తిరిగితే మనిషి దక్కరు. అక్కడ నేను చెప్పేవేవీ వర్తించవు.

రెండో డాక్టరును ఎంచుకోవడంలో జాగ్రత్త కావాలి. మొదటి డాక్టరు దగ్గరికి పంపిన ఆర్ఎంపీనే రెండో పేరు కూడా చెబితే అది రెండో అభిప్రాయం కాదు. అదే నర్సింగ్‌హోమ్‌లో పక్క గదిలో కూర్చున్నవారిదీ కాదు. ఆపరేషన్ చేస్తే తనకు అదనంగా ఏమీ రాని చోటు వెతుక్కోండి. జిల్లా ఆసుపత్రి, బోధనాసుపత్రి, గుంటూరు పెద్దాసుపత్రి, విశాఖ కింగ్ జార్జ్, హైదరాబాద్‌లో గాంధీ, క్యాన్సర్ అనుమానమైతే ఎంఎన్‌జే, ఇలాంటివి. క్యూ పొడవుగా ఉంటుంది, నిజమే. అమెరికాలో ఉన్న అబ్బాయి స్నేహితుడికి వాట్సాప్‌లో రిపోర్టు ఫొటో పంపి, ఆయన ఏమన్నాడో అదే రెండో అభిప్రాయమనుకోవడం ఈ మధ్య బాగా చూస్తున్నాను. మనిషిని చూడకుండా, పొట్ట మీద చెయ్యి వేయకుండా చెప్పే మాట ప్రశ్నలు తయారు చేసుకోవడానికి పనికొస్తుంది, తీర్పుకు పనికిరాదు. బయాప్సీ, అంటే ముక్క తీసి చేసే పరీక్ష, జరిగి ఉంటే కాగితం ఒక్కటే కాదు, ఆ ముక్కను ఉంచిన గాజు స్లైడ్లూ, మైనపు బ్లాకులూ కూడా అడిగి తీసుకోండి. అవి ఉంటే రెండో చోట మళ్ళీ ముక్క తీయకుండానే తిరిగి చూడవచ్చు. వెళ్ళగానే, ఫలానా డాక్టరు ఆపరేషన్ అన్నారండీ అని మొదలుపెట్టకుండా, మీ బాధేమిటో ముందు చెప్పండి.

ఇద్దరూ వేర్వేరుగా చెబితే ఎవరిని నమ్మాలని అడుగుతారు. ఒకరు దొంగ, ఒకరు దొర అని తేల్చేయకండి. నా దగ్గరికి గడ్డతో వచ్చిన ఒక టీచరుకు సంచి తీయాలని చెప్పాను. ఆమె నా ఎదురుగానే ఫైలు అడిగి తీసుకుంది. నా మనసు చివుక్కుమన్న మాట నిజం. రెండో చోట, గడ్డ సంచి లోపలి గదిలో ఉంది కనుక పొట్ట కోయకుండా, కింది నుంచి కెమెరా గొట్టం పెట్టి దాన్ని మాత్రమే తీయవచ్చన్నారు, అలాగే తీశారు. ఆ పద్ధతి నాకు తెలియక కాదు. ఆ పరికరం మా ఆసుపత్రిలో లేదు, లేనిదాన్ని రోగికి చెప్పే అలవాటు నాకు తప్పిపోయింది. ఆమె తిరిగి వచ్చి ఆ కాగితాలు నాకు చూపించింది. ఆ తరువాత నేను ఆపరేషన్ చెప్పిన ప్రతి మనిషికీ, మా దగ్గర లేని దారులు కూడా చెప్పడం మొదలుపెట్టాను. కనుక ఇద్దరి మాట కలవనప్పుడు, ఆ రెండో డాక్టరు కాగితం మొదటి డాక్టరుకు చూపించి, మీరెందుకు ఇలా అనుకున్నారో చెప్పండి అని అడగండి. కోపగించుకోకుండా విడమరిచి చెప్పినవారి మాటలో సాధారణంగా పస ఉంటుంది.

కొందరు ఫైళ్ళు తెచ్చుకున్నారని నిర్వాహకులు చెప్పారు. సభ ముగిశాక పక్క గదిలో కూర్చుంటాను, ఎంత ఆలస్యమైనా అందరివీ చూస్తాను. కొత్త స్కానింగ్ రిపోర్టు పైన, పాతవి కింద పెట్టుకుని రండి, వాడుతున్న మాత్రల అట్టలు కూడా తీసుకురండి. ఆపరేషన్ తేదీ ఇప్పటికే పెట్టుకున్నవాళ్ళెవరైనా ఉంటే ముందు వాళ్ళను పంపండి.