తుపాకుల మధ్య నోట్‌బుక్

శ్రోతలకు నమస్కారం.

యుద్ధానికి సైనికులు వెళ్తారు, డాక్టర్లు వెళ్తారు, వంటవాళ్లు కూడా వెళ్తారు. ఆంత్రోపాలజిస్టు ఎందుకు వెళ్తాడు? ఎవరి పెళ్లి ఎలా జరుగుతుంది, ఎవరి మాటకు ఊళ్లో విలువ, ఇలాంటివి రాసుకునే మనిషికి యుద్ధంలో పనేమిటి?

అమెరికా సైన్యానికి ఆ అవసరం ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో వచ్చింది. ఆయుధాలున్నాయి, డబ్బుంది, ఊరు మాత్రం అర్థం కాదు. ఎవరు పెద్దమనిషి, ఎవరికి ఎవరితో భూమి తగాదా, ఏదీ తెలియదు. అందుకని సామాజిక శాస్త్రవేత్తలను జీతాలిచ్చి తీసుకున్నారు. ఆ కార్యక్రమం పేరు హ్యూమన్ టెర్రైన్ సిస్టమ్. మొదటి బృందం 2007లో అఫ్గానిస్తాన్‌లోని ఖోస్త్‌కు వెళ్లింది.

మొదట్లో మంచి వార్తలే వచ్చాయి. ఒక ప్రాంతంలో వితంతువులు ఎక్కువగా ఉన్నారని, తల్లిని పోషించాల్సిన కొడుకులు కూలి కోసం తిరుగుబాటుదారుల్లో చేరే ప్రమాదం ఉందని ఆ బృందంలోని ఆంత్రోపాలజిస్టు గమనించింది. వితంతువులకు పని నేర్పిద్దామని సలహా ఇచ్చింది. కాల్చడం కంటే ఇది నయమే కదా! బృందం వచ్చాక పోరాట చర్యలు 60 శాతం తగ్గాయని అక్కడి కమాండర్ చెప్పారు. ఆ తగ్గుదలంతా వీళ్ల వల్లేనా అంటే, యుద్ధంలో అలాంటి లెక్కలు తేలవు.

మిగతా చరిత్ర వదిలేస్తాను, సమయం తక్కువ. ఒక్క సంఘటన మాత్రం పూర్తిగా చెప్తాను.

కాందహార్ ప్రాంతంలో మైవంద్ అనే జిల్లా ఉంది. 1880లో అఫ్గాన్లు బ్రిటిష్ సైన్యాన్ని ఓడించింది అక్కడే. ఆ యుద్ధంలో మలాలై అనే అమ్మాయి తనవాళ్లకు ధైర్యం చెప్పిందని నేటికీ చెప్పుకుంటారు. మనకు తెలిసిన మలాలాకు పెట్టింది ఆ పేరే. తుపాకులతో వచ్చిన పరదేశీలను అంతగా గుర్తుపెట్టుకున్న చోటు అది.

2008 నవంబరు 4న, అమెరికాలో ఒబామా గెలిచిన రోజున, మైవంద్‌లోని చెహెల్ గాజీ అనే ఊళ్లోకి సైనికుల గస్తీ వెళ్లింది. వాళ్లతో పాటు ఈ కార్యక్రమం బృందంలోని పౌలా లాయిడ్ ఉంది. ముప్ఫై ఆరేళ్ల మనిషి. ఆంత్రోపాలజీ చదివింది, కొన్నాళ్లు సైన్యంలో చేసింది, అంతకుముందే అఫ్గానిస్తాన్‌లో అభివృద్ధి పనుల్లో ఏళ్లు గడిపింది. ఆ దేశమంటే ఆమెకు ఇష్టం. ఇందులో నాకేమీ అనుమానం లేదు.

దారిలో ఒకతను పెట్రోలు డబ్బా పట్టుకుని కనిపించాడు. ఆమె పలకరించింది. పెట్రోలు ధర ఎంతుంది అని అడిగింది. మనం బంకులో పక్కవాడిని అడిగే ప్రశ్నే. అతను మర్యాదగానే కాసేపు మాట్లాడాడు. ఉన్నట్టుండి ఆ పెట్రోలు ఆమె మీద పోసి నిప్పంటించాడు.

సైనికులు ఆమెను పక్కనున్న నీటి కాలువలోకి దించి మంటలు ఆర్పారు. పారిపోతున్న అతన్ని పట్టుకుని చేతులు కట్టేశారు. కొద్దిసేపటికి, ఆమె ఎంతగా కాలిపోయిందో విన్న బృందంలోని ఒక మాజీ సైనికుడు, చేతులు కట్టేసి ఉన్న ఆ మనిషిని తలలో కాల్చి చంపాడు. తర్వాత అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. జైలు పడలేదు, జరిమానా కట్టించి, ప్రొబేషన్‌తో, అంటే కొన్నాళ్లు నిఘాలో ఉండాలన్న షరతుతో, వదిలేశారు. పౌలా 2009 జనవరిలో ఆసుపత్రిలో కన్నుమూసింది.

ఊరివాళ్లను అర్థం చేసుకోవడానికి వెళ్లిన బృందమే, కట్టేసిన మనిషిని చంపింది. ఇది ఎన్నిసార్లు చదివినా నాకు మింగుడుపడదు.

2008లోనే ఖోస్త్‌లో ఒకరు, బాగ్దాద్‌లో ఒకరు, ఈ కార్యక్రమంలోని మరో ఇద్దరు పరిశోధకులు బాంబు పేలుళ్లలో చనిపోయారు.

అమెరికన్ ఆంత్రోపలాజికల్ అసోసియేషన్ 2007లోనే ఈ కార్యక్రమాన్ని తప్పుపట్టింది. వాళ్ల అభ్యంతరం అందరికీ అర్థమయ్యేదే. చుట్టూ తుపాకులతో సైనికులు నిలబడి ఉన్నప్పుడు, అడిగినదానికి రైతు జవాబు చెప్పడం ఇష్టపడి చెప్పడమేనా? నేను మాట్లాడను అనగలడా? అనగలడా, చెప్పండి. అతను చెప్పిన మాటను పట్టుకుని రేపు ఎవరి ఇంటిని గురిపెడతారో అడిగినవాళ్లకే తెలియదు. 2014లో ఆ కార్యక్రమాన్ని మూసేశారు.

సలహా ఇవ్వడమే తప్పని నేను అనను. మన దగ్గరా ఒక ఉదాహరణ ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక, గోండుల కష్టమేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆంత్రోపాలజిస్టును పంపింది. ఆయన్నూ పంపింది ప్రభుత్వమే, అదీ కాల్పుల తర్వాతే. అయితే ఆయన భార్య బెట్టీతో మార్లవాయి అనే గోండుల ఊళ్లో గుడిసెలో ఉన్నాడు, గోండీ నేర్చుకున్నాడు. భూములు ఎలా చేజారాయో ఆ ప్రభుత్వానికే మొహమాటం లేకుండా రాశాడు, పట్టాలివ్వమన్నాడు. మార్లవాయిలో ఇప్పటికీ ఆ దంపతుల వర్ధంతి జరుపుతారు.

చివరగా, ఏజెన్సీ ఊళ్లకు ఫీల్డ్‌వర్క్‌కు వెళ్లే మన యూనివర్సిటీ పిల్లలకు ఒక్క మాట. ఆ ఊరికి బస్సు ఉండదు. దారిలో పోలీసు జీపు ఆపి, ఎక్కమ్మా దింపేస్తాం అంటారు. మంచి మనసుతోనే అంటారు. ఎక్కకండి. మీరు జీపు దిగడం ఊరంతా చూస్తుంది. ఆ తర్వాత మీ ప్రశ్నలకు వచ్చే జవాబులన్నీ జీపుకు చెప్పే జవాబులే. ఆ రోజు కుదరకపోతే మర్నాడు నడిచి వెళ్లండి. కూర్చున్నాక ముందు మీరే చెప్పండి: మమ్మల్ని పంపింది ఫలానావాళ్లు, ఈ నోట్సు ఫలానా చోటికి వెళ్తుంది, మాట్లాడకపోయినా మీకేమీ కాదు అని. వద్దంటే నోట్‌బుక్ మూసేయండి. టీ ఇస్తే తాగి వచ్చేయండి.

నమస్కారం.